నడుస్తున్న పైపులైనులో ఇన్సర్షన్ ఫ్లో సెన్సార్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం వైపు ప్లాంట్లలో ఫ్లో మీటర్లు బిగించే పని చేస్తుంటాను. ఇన్సర్షన్ సెన్సార్ అంటే పైపుకు బెజ్జం వేసి లోపలికి దించే, రాడ్ లాంటి ఫ్లో సెన్సార్. కూలింగ్ వాటర్, చిల్డ్ వాటర్, బోరు నీళ్లు, కంప్రెస్డ్ ఎయిర్ లైన్లే ఎక్కువ. ఏ ప్లాంటుకు వెళ్లినా మెయింటెనెన్స్ వాళ్లు అడిగే సందేహాలు మాత్రం దాదాపు ఒకటే. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనే ముందు

లైన్ ఆపకుండా, నీళ్లు దింపకుండా సెన్సార్ పెట్టొచ్చంటున్నారు. నిజమేనా?

నిజమే. పైపు మీద ఒక చిన్న బ్రాంచి కూర్చోబెట్టి, దాని మీద బాల్ వాల్వ్ బిగించి, ఆ వాల్వ్ లోంచే కట్టర్ పంపి పైపుకు బెజ్జం వేస్తారు. కట్టర్ వెనక్కి తీసి వాల్వ్ మూసేస్తే లైన్ మళ్లీ భద్రం. తర్వాత సెన్సార్ రాడ్‌ను అదే వాల్వ్ మీద బిగించి, వాల్వ్ తెరిచి, లోపలికి దించుతారు. దీన్నే హాట్ ట్యాపింగ్ అంటారు. లోపల ప్రెషర్ ఉండగానే పైపును కోస్తున్నాం కాబట్టి, షట్‌డౌన్‌లో చేసే పనికంటే దీనికి తయారీ చాలా ఎక్కువ కావాలి. వచ్చే నెలలో ఎలాగూ షట్‌డౌన్ ఉందంటే అప్పటిదాకా ఆగమనే చెబుతాను.

ఫుల్ బోర్ మీటర్ ఉండగా ఇది ఎందుకు? ఇదీ అంతే కరెక్టుగా చూపిస్తుందా?

అంత కరెక్టుగా చూపించదు. ఫుల్ బోర్ మీటర్ లైనులో ఒక పైపు ముక్కలా కూర్చుని, పైపు మొత్తంలో ప్రవాహాన్ని చూస్తుంది. ఇన్సర్షన్ సెన్సార్ ఒక్క చోట వేగం కొలిచి, దాన్నిబట్టి మొత్తం ఫ్లో లెక్క కడుతుంది. పైపు పెద్దదయ్యే కొద్దీ దీని లాభం తెలుస్తుంది. 300, 400 మి.మీ. లైనుకు ఫుల్ బోర్ మీటర్ చాలా ఖరీదు, పైగా లైన్ కోసి ఫ్లాంజులు వేయాలి. ఇన్సర్షన్ సెన్సార్ ధర పైపు సైజుతో పెద్దగా పెరగదు. ప్లాంటులో ఏ బ్లాకు ఎంత నీరు వాడుతోంది, పంపు ఎలా నడుస్తోంది, ఎక్కడ వృథా అవుతోంది అని తెలుసుకోవడానికి ఇది సరిపోతుంది. రెండు కంపెనీల మధ్య డబ్బు లెక్క తేల్చే చోట మాత్రం పెట్టకండి. 50 మి.మీ. లైనుకు కూడా దీని జోలికి పోవద్దు, ఫుల్ బోరే తీసుకోండి.

మా దగ్గర డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ల) లైన్ ఉంది. మాగ్నెటిక్ సెన్సార్ పనిచేస్తుందా?

పనిచేయదు. మాగ్నెటిక్ సెన్సార్ బతికేదే నీటిలోని విద్యుత్ వాహకత మీద. చాలా మోడళ్లకు సెంటీమీటరుకు కనీసం 5 మైక్రోసీమెన్స్ కావాలి, కొన్నిటికి 20 కావాలి. డీఎం నీళ్లు, ఫార్మా ప్యూరిఫైడ్ వాటర్ అంతకంటే చాలా తక్కువలో ఉంటాయి. ఆర్వో నీళ్లయితే కండక్టివిటీ మీటరుతో ముందు కొలిచి చూడండి. తక్కువ ఉంటే వాహకతతో పనిలేని టర్బైన్ రకమో వోర్టెక్స్ రకమో ఎంచుకోవాలి. ప్యూరిఫైడ్ వాటర్ లూప్‌లో అసలు ఇలాంటి బ్రాంచి పెట్టనే కూడదు. నీళ్లు నిలిచే మూల తయారైతే అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ప్యాడిల్ వీల్ (నీటి తోపుకు చిన్న చక్రం తిరిగే రకం సెన్సార్) చవకగా వస్తోంది. బోరు నీళ్లకు సరిపోతుందా?

వడగట్టిన శుభ్రమైన నీళ్లకైతే బాగానే ఉంటుంది. మన హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లలో కఠినత్వం ఎక్కువ. కొన్నాళ్లకు తెల్లటి గార పట్టి, చక్రం బరువెక్కి, రీడింగ్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. మీటర్ ఆగిపోతే ఎవరైనా గమనిస్తారు. రోజుకు కొంచెం తగ్గితే ఎవరికీ తెలియదు. ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) నీళ్లలో అయితే పీచు, వెంట్రుకలు చుట్టుకుంటాయి. ఈ రెండు చోట్లా తిరిగే భాగం లేని మాగ్నెటిక్ ఇన్సర్షన్ సెన్సారే నయం.

## చోటు ఎంచుకునేటప్పుడు

ముందు 10 రెట్లు, వెనక 5 రెట్లు సూటి పైపు కావాలంటారు. మా ప్లాంటులో అంత చోటే లేదు. ఏం చేయాలి?

సెన్సార్‌కు ముందు పైపు వ్యాసానికి 10 రెట్లు, తర్వాత 5 రెట్లు అన్నది ఒక్క బెండు ఉన్నప్పటి మాట. రెండు బెండ్లు వేర్వేరు దిశల్లో వరసగా ఉంటే నీళ్లు మెలి తిరుగుతూ వస్తాయి. అప్పుడు 25 నుంచి 40 రెట్లు అడుగుతారు. సగం తెరిచిన వాల్వ్ ముందుంటే ఇంకా ఎక్కువ కావాలి. 150 మి.మీ. లైనులో 10 రెట్లంటే ఒకటిన్నర మీటరు, 40 రెట్లంటే 6 మీటర్లు.

ఇరుకు ప్లాంట్లలో నేను మొదట చేసే పని లైన్ వెంట మొదటి నుంచి చివరిదాకా నడవడం. పంపు హౌస్‌లో చోటు లేకపోయినా, పైప్ రాక్ మీదకు ఎక్కాక పొడవాటి సూటి ముక్క దొరుకుతుంది. కాకపోతే నిచ్చెన కావాలి, కేబుల్ పొడుగవుతుంది. ఆ ఖర్చు పెట్టుకోండి. పంపు నోటి దగ్గర బెజ్జం వేసి, ఏడాది పొడుగునా రీడింగ్ మీద గొడవ పడడం కంటే అది చవక. ఎక్కడా దొరకకపోతే, ఉన్న సూటి ముక్కలో మూడింట రెండొంతులు సెన్సార్ ముందుకు, ఒక వంతు తర్వాతకు వచ్చేలా పెట్టండి. రీడింగ్ విలువను కాకుండా దాని హెచ్చుతగ్గులను మాత్రమే నమ్ముకోవాలని ముందే అందరికీ చెప్పండి.

కంట్రోల్ వాల్వ్ ఉంటే సెన్సార్ దానికి ముందు రావాలి, తర్వాత కాదు.

పైపు పైన పెట్టాలా, పక్కన పెట్టాలా?

అడ్డంగా పోయే నీళ్ల లైనైతే నడినెత్తిన వద్దు, అడుగున అసలే వద్దు. పైన గాలి బుడగలు చేరతాయి, అడుగున బురద, తుప్పు రజను దిగుతాయి. పక్కనుంచి గానీ, నెత్తికి 45 డిగ్రీలు పక్కగా గానీ పెట్టండి. నిలువు పైపైతే నీళ్లు పైకి ఎక్కే పైపు ఎంచుకోండి. కిందికి దిగే పైపు కొన్నిసార్లు నిండుగా పారదు. పైపు నిండకపోతే ఏ ఇన్సర్షన్ సెన్సార్ లెక్కా నిజం కాదు.

పైపు 150 అని డ్రాయింగులో ఉంది. మీటరులో 150 కొడితే చాలదా?

చాలదు. రీడింగ్ తప్పడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

150 ఎన్‌బీ (నామినల్ బోర్) అన్నది పేరు మాత్రమే. షెడ్యూల్ అంటే పైపు గోడ మందం తరగతి. షెడ్యూల్ 40 పైపైతే బయటి వ్యాసం 168.3 మి.మీ., గోడ మందం 7.1, లోపలి వ్యాసం 154. ఫార్మా ప్లాంట్లలో కనిపించే షెడ్యూల్ 10 స్టీలు పైపైతే అదే బయటి వ్యాసానికి గోడ 3.4 మాత్రమే, లోపల 161.5. ఫ్లో లెక్క వ్యాసం వర్గం మీద ఆధారపడుతుంది. 154 ఉన్నచోట 150 కొడితే రీడింగ్ 5 శాతం తక్కువ చూపిస్తుంది. 161.5 ఉన్నచోట 150 కొడితే దాదాపు 14 శాతం తగ్గుతుంది. సెన్సార్‌లో తప్పేమీ ఉండదు, కానీ నింద దానిమీదే పడుతుంది.

కొలిచే పద్ధతి సులువే. పైపు చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోండి, 3.1416తో భాగించండి, బయటి వ్యాసం వస్తుంది. రంగు మందంగా ఉంటే గీకి కొలవండి. గోడ మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో నాలుగు వైపులా చూసి, సగటుకు రెండింతలు తీసేయండి. పాత లైనులో గార కూడా ఉంటుంది. చుట్టూ 1 మి.మీ. పొర పట్టినా 154 కాస్తా 152 అవుతుంది, రీడింగ్ రెండున్నర శాతం ఎక్కువ వస్తుంది. బెజ్జం వేశాక బయటికొచ్చిన ఇనుప బిళ్లను పారేయకండి. గోడ మందం, గార మందం రెండూ దానిమీదే వెర్నియర్‌తో కొలవొచ్చు.

సెన్సార్ చుట్టూ ఎంత ఖాళీ వదలాలి?

రాడ్ మొత్తం బయటికి లాగేంత. దీన్ని మరిచి, పై పైపుకు తగిలేలా బ్రాంచి వేసినవాళ్లున్నారు. రాడ్ పొడవు, డ్రిల్లింగ్ మెషిన్ పొడవు రెండిటికీ సరిపడా ఖాళీ ఉందో లేదో గుర్తు పెట్టేటప్పుడే టేపుతో చూడండి.

## బెజ్జం వేసే ముందు

బ్రాంచి వెల్డింగ్ చేయాలా, సాడిల్ క్లాంపు (పైపు చుట్టూ బోల్టులతో బిగించే పట్టీ) సరిపోతుందా?

కార్బన్ స్టీలు, స్టెయిన్‌లెస్ స్టీలు పైపైతే, గోడ మందం తగినంత ఉంటే వెల్డింగ్ గట్టిది, శాశ్వతం. నడుస్తున్న లైన్ మీద వెల్డింగ్‌కు గోడ కనీసం 4.8 మి.మీ. ఉండాలని సాధారణంగా పాటిస్తారు. అంతకంటే పలచనైతే మంట లోపలికి కాల్చుకుపోయే ప్రమాదం ఉంది. వెల్డింగ్ జరుగుతుండగా లోపల నీళ్లు పారుతూ ఉండాలి. నిలిచిపోతే వేడి పోయే దారి ఉండదు, మరీ వేగంగా పారితే వెల్డు గబుక్కున చల్లారి పెళుసెక్కుతుంది.

జీఐ (జింకు పూత ఇనుము), పోత ఇనుము, పీవీసీ, హెచ్‌డీపీఈ, లోపల రబ్బరు పూత ఉన్న పైపులకు సాడిల్ క్లాంపే. జీఐ మీద వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది, అది పీల్చినవాళ్లకు జ్వరం పట్టుకుంటుంది. పూత ఉన్న పైపుకు సాడిల్ వేసినా, బెజ్జం అంచున పూత దెబ్బతింటుందని గుర్తుంచుకోండి. యాసిడ్ లైనైతే అక్కడినుంచే పైపు తినేయడం మొదలవుతుంది.

ఏ లైన్ల మీద ఈ పని అసలు పెట్టుకోకూడదు?

ఆక్సిజన్, హైడ్రోజన్, క్లోరిన్, పెరాక్సైడు, యాసిడ్, కాస్టిక్ లైన్ల మీద నడుస్తుండగా వెల్డింగ్, బెజ్జం వద్దు. ఆవిరీ గాలీ కలిసి అంటుకునే అవకాశమున్న సాల్వెంట్ లైన్లూ అంతే. వాటికి షట్‌డౌన్ తీసుకుని, ఖాళీ చేసి, కడిగి, గ్యాస్ టెస్ట్ చేశాకే చేయాలి. ప్రొడక్షన్ ఆగుతుందని ఎంత టెన్షన్ పెట్టినా సరే, ఇక్కడ ఒప్పుకోవద్దు. నేను ఇలాంటి పనులు వదులుకుని తిరిగి వచ్చాను, మళ్లీ అయినా వదులుకుంటాను.

స్టీమ్ లైనులో పెట్టొచ్చా?

3.5 కేజీల ప్రెషర్ (కేజీలంటే చదరపు సెంటీమీటరుకు) దాటిన స్టీమ్ పైపులు ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికి వస్తాయి. వాటిమీద వెల్డింగ్ ఐబీఆర్ సర్టిఫికెట్ ఉన్న వెల్డరే చేయాలి, మెటీరియల్‌కు కాగితాలుండాలి, బాయిలర్ల శాఖ అనుమతి కావాలి. మామూలు వెల్డర్‌తో ఆదివారం రాత్రి కానిచ్చేసే పని కాదిది.

పని మొదలుపెట్టడానికి ప్లాంటు ఇచ్చే పర్మిట్‌లో ఏమేం రాయించాలి?

లైన్ నంబరు, లోపల ఏముంది, ఎన్ని కేజీల ప్రెషర్, ఎంత వేడి, లీకు వస్తే ఏ వాల్వ్ మూయాలి, అది ఎవరు మూస్తారు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. పని మొదలుకు ముందు ఆ మనిషితో కలిసి ఆ వాల్వ్ దాకా నడిచి, చక్రం ఒకసారి తిప్పించి చూడండి. ఏళ్లుగా ముట్టని వాల్వ్ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, అది లీకు వచ్చాక తెలిస్తే లాభం లేదు.

ఎలాంటి బాల్ వాల్వ్ కొనాలి?

ఫుల్ బోర్, అంటే తెరిస్తే లోపలి దారి ఎక్కడా ఇరుకు కానిది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొనేటప్పుడు పేరు చూసి ఊరుకోకండి, వాల్వ్ తెరిచి లోపల స్కేలు పెట్టి కొలవండి. మీ కట్టర్ దానిలోంచి తగలకుండా వెళ్లాలి. రెడ్యూస్డ్ బోర్ వాల్వ్ బిగించాక కట్టర్ లోపల ఇరుక్కుంటే ఆ రోజు పని అక్కడితో ఆగిపోతుంది.

## బెజ్జం వేసే రోజు

వరస ఎలా ఉండాలి?

బ్రాంచి, వాల్వ్ బిగించాక ముందు వాటికి ప్రెషర్ టెస్ట్ చేయండి. పైపుకు ఇంకా బెజ్జం లేదు కాబట్టి, లీకుంటే దిద్దుకునే అవకాశం ఇప్పుడే. టెస్ట్ ప్రెషర్ లైన్ ప్రెషర్‌కు తగ్గకూడదు, అలాగని మరీ ఎక్కువా కాకూడదు. పలచని పైపు గోడ లోపలికి నొక్కుకుపోతుంది.

తర్వాత డ్రిల్లింగ్ మెషిన్ బిగించి, వాల్వ్ తెరిచి, కట్టర్ కొన పైపుకు తాకేదాకా దించి, షాఫ్ట్ మీద ఒక గీత పెట్టండి. కట్టర్ వాల్వ్ బంతిని దాటి పూర్తిగా పైకి వచ్చే చోట రెండో గీత. ఈ రెండు గీతలే మీకు లోపల ఏం జరుగుతోందో చెప్పే కళ్లు. బెజ్జం పడ్డాక మోటారు శబ్దం మారుతుంది, పట్టు తేలికవుతుంది. కట్టర్‌ను రెండో గీత దాకా వెనక్కి తీసి, అప్పుడే వాల్వ్ మూయండి. తొందరపడి కట్టర్ మీద వాల్వ్ మూస్తే సీటు దెబ్బతిని, వాల్వ్ జన్మంతా కారుతూనే ఉంటుంది.

మామూలు కరెంటు డ్రిల్‌తో చేయొచ్చా?

వద్దు. నీళ్లు చిమ్మే చోట చేతిలో కరెంటు మెషిన్ పట్టుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. గాలితో నడిచే డ్రిల్ గానీ, చేత్తో తిప్పే హాట్ ట్యాపింగ్ మెషిన్ గానీ వాడండి.

తెగిన బిళ్ల లైనులోకి పోతే?

కట్టర్ మధ్యలోని పైలట్ డ్రిల్‌కు బిళ్లను పట్టి ఉంచే చిన్న స్ప్రింగు తీగ ఉంటుంది. అది సరిగ్గా ఉందో లేదో ముందే చూడండి. బిళ్ల బయటికి రాకపోతే దాచిపెట్టకండి, ప్లాంటు వాళ్లకు వెంటనే చెప్పండి. అది వెళ్లి ఏ కంట్రోల్ వాల్వ్‌లోనో, హీట్ ఎక్స్‌చేంజర్ నోట్లోనో ఇరుక్కుంటుంది. దారిలో స్ట్రెయినర్ ఉంటే అక్కడ వెతకొచ్చు.

## సెన్సార్ దించేటప్పుడు

రాడ్‌ను లోపలి ప్రెషర్ నిజంగా అంత బలంగా తోస్తుందా?

తోస్తుంది. లెక్క చూడండి. 25 మి.మీ. రాడ్ కొన వైశాల్యం సుమారు 4.9 చదరపు సెంటీమీటర్లు. 5 కేజీల ప్రెషర్ ఉంటే తోపు దాదాపు 25 కిలోలు. 10 కేజీలుంటే 49, అంటే ఒక సిమెంటు బస్తా బరువు. 16 కేజీలకు 78. రాడ్ 40 మి.మీ.దైతే 10 కేజీల దగ్గరే 125 కిలోలు దాటుతుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో 8 కేజీల కూలింగ్ వాటర్ లైను మీద, ఒక నిమిషం పనే కదా అని సేఫ్టీ గొలుసు తగిలించకుండా గ్లాండ్ నట్టు (రాడ్ చుట్టూ సీలును బిగించేది) వదులు చేశాం. రాడ్ ఎగిరి పైన కేబుల్ ట్రేకు గుద్దుకుంది. నాతో ఉన్న హెల్పర్ భుజానికి దెబ్బ తగిలింది. అతను రాడ్ మీదకి వంగి ఉంటే ఆ దెబ్బ ముఖానికి తగిలేది. అందుకే ఇది ప్రతి సైటులోనూ చెబుతాను: గొలుసు తగిలించాకే నట్టు మీద చెయ్యి. గొలుసు పొడవు రాడ్ సీలు దాటి బయటికి రానివ్వనంత పొట్టిగా ఉండాలి. ముఖం, ఛాతీ ఎప్పుడూ రాడ్ వరసలో పెట్టకండి, పక్కకు నిలబడండి. చేతితో నొక్కి దించలేని ప్రెషర్ అయితే స్క్రూ మీద దిగే రకం తెప్పించండి.

ఎంత లోతు దించాలి?

రెండు పద్ధతులున్నాయి. సరిగ్గా మధ్యకు దించడం ఒకటి. లోపలి వ్యాసంలో ఎనిమిదో వంతు దించడం రెండోది. 154 మి.మీ. పైపులో మధ్య అంటే 77, ఎనిమిదో వంతు అంటే 19.

పైపు గోడ దగ్గర నీళ్లు నెమ్మదిగా, మధ్యలో వేగంగా పోతాయి. గోడ నుంచి ఎనిమిదో వంతు దగ్గర వేగం మొత్తం సగటుకు దాదాపు సమానం. మధ్యలో కొలిస్తే సగటుకంటే ఎక్కువ వస్తుంది, దాన్ని 0.83 నుంచి 0.87 మధ్య ఒక గుణకంతో సరిచేయాలి. ఈ గుణకాన్ని చాలా మీటర్లు లోతు చెబితే తామే వేసుకుంటాయి. కాబట్టి దించిన లోతు, మీటరులో కొట్టిన లోతు ఒకటేనా అని చూడాలి. మీ మోడల్ మాన్యువల్ ఏది చెబితే అది చేయండి. లోతు లెక్కలో గోడ మందం, బ్రాంచి, వాల్వ్ ఎత్తులు కలపడం మరవకండి.

బాణం గుర్తు కొంచెం పక్కకు తిరిగితే పర్వాలేదా?

బాణం నీళ్లు పోయే దిక్కుకు, పైపుకు సమాంతరంగా ఉండాలి. కంటి అంచనా చాలదు, తలమీది హ్యాండిల్‌కు ఒక పొడవాటి పట్టీ ఆనించి పైపుతో పోల్చండి. నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరిగిపోతుంది, బిగించాక మళ్లీ చూడండి.

## వైరింగ్, రీడింగ్

పంపు ఆపినా రీడింగ్ సున్నాకు రావడం లేదు. సెన్సార్ పాడైందా?

ముందు నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) చూడండి. అది కారుతుంటే నీళ్లు వెనక్కి పోతుంటాయి, సెన్సార్ నిజమే చెబుతోంది. అది బాగుంటే ఎర్తింగ్ చూడండి. మాగ్నెటిక్ సెన్సార్‌కు పైపుతో మంచి ఎర్త్ లేకపోతే, పక్కనే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) ఉంటే, అంకెలు ఊగుతాయి. సిగ్నల్ కేబుల్‌ను మోటారు కేబుళ్లతో ఒకే ట్రేలో వేయకండి, షీల్డును ఒక చివర మాత్రమే ఎర్త్ చేయండి.

మీటర్ ఒకటి చూపిస్తుంటే కంట్రోల్ రూములో ఇంకొకటి కనిపిస్తోంది. ఎందుకు?

రేంజి తేడా. మీటర్ తన రీడింగ్‌ను 4 నుంచి 20 మిల్లీయాంప్స్ కరెంటుగా పంపుతుంది, 4 అంటే సున్నా. మీటరులో 20 మిల్లీయాంప్స్ అంటే గంటకు 150 క్యూబిక్ మీటర్లు అని పెట్టి, కంట్రోల్ రూము పీఎల్‌సీలో (ఆ సిగ్నల్ అందుకునే కంట్రోలర్‌లో) 200 అని పెడితే, 12 మిల్లీయాంప్స్ దగ్గర మీటర్ 75 అంటుంది, స్క్రీన్ 100 అంటుంది. రెండు చోట్లా ఒకే అంకె పెట్టండి.

కంప్రెసర్ మీద రాసినంత గాలి మీటరులో రావడం లేదు. లీకులేనా?

లీకులు ఉండొచ్చు, కానీ ముందు యూనిట్లు చూసుకోండి. కంప్రెసర్ వాళ్లు చెప్పేది అది పీల్చుకునే బయటి గాలి లెక్క. గాలి లైన్లలో పెట్టే థర్మల్ మాస్ మీటర్ సాధారణంగా నార్మల్ క్యూబిక్ మీటర్లలో, అంటే 0 డిగ్రీలు, 1013 మిల్లీబార్ లెక్కన చూపిస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇక్కడి గాలి పీడనం సుమారు 950 మిల్లీబార్. 30 డిగ్రీల రోజున ఇక్కడ పీల్చిన 100 క్యూబిక్ మీటర్ల గాలి నార్మల్ లెక్కలో 84, 85 మాత్రమే. లీకుల వేట ఈ లెక్క తీసేశాక మొదలుపెట్టండి. సెన్సార్ డ్రయ్యర్ తర్వాతే ఉండాలి. తడి గాలిలో నీటి బొట్టు తగిలితే రీడింగ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

రీడింగ్ సరైందో కాదో మేమే ఎలా తేల్చుకోవాలి?

సంపు ఉంటే దానికి మించిన సాక్షి లేదు. 4 మీటర్లు, 3 మీటర్ల సంపులో నీటిమట్టం 2 నిమిషాల్లో 250 మి.మీ. పెరిగితే 3 క్యూబిక్ మీటర్లు వచ్చినట్టు, గంటకు 90. ఆ సమయంలో సంపులోంచి నీళ్లు బయటికి పోకుండా చూసుకోండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. సంపు లేకపోతే క్లాంప్ ఆన్ అల్ట్రాసోనిక్ మీటర్ (పైపుకు బయటినుంచే తగిలించేది) అద్దెకు తెప్పించి అదే పైపు మీద పోల్చండి.

## తర్వాత

ఎన్నాళ్లకోసారి తీసి కడగాలి?

బోరు నీళ్లు, కూలింగ్ టవర్ నీళ్లయితే మొదట మూడు నెలలకు తీసి చూడండి. పట్టిన గారను బట్టి మీ గడువు మీరే పెట్టుకోండి. ఎలక్ట్రోడును గీకకండి, పలచని యాసిడ్‌లో కాసేపు ముంచి మెత్తని గుడ్డతో తుడవండి.

లైన్ నడుస్తుండగా సెన్సార్ బయటికి ఎలా తీయాలి?

గొలుసు బిగువు చూడండి. నట్టు కొంచెం వదులు చేసి, రాడ్‌ను పట్టుకునే నెమ్మదిగా పైకి రానివ్వండి. రాడ్ కొన వాల్వ్ బంతిని దాటే చోట మొదటిసారి దించేటప్పుడే చెరగని గీత పెట్టి ఉంచాలి. ఆ గీత కనిపించాకే వాల్వ్ మూయండి. మూశాక కూడా రాడ్‌కూ వాల్వ్‌కూ మధ్య చిక్కుకున్న నీళ్లలో ప్రెషర్ ఉంటుంది. ముందు ఆ నీళ్లు వదిలేసి, అప్పుడు గొలుసు విప్పండి. సెన్సార్ తిరిగి పెట్టేదాకా వాల్వ్ నోటికి ప్లగ్గు బిగించి, హ్యాండిల్‌కు తాళం వేసి, తీసిన తేదీ రాసిన ట్యాగు కట్టండి.